పెరటి స్విమ్మింగ్ పూల్: పంపు మోత, పాచి నీళ్లు, లీకేజీలు ఎలా సరిచేసుకోవాలి?

పెరట్లో పూల్ కట్టించుకున్నవాళ్ల నోట కొన్నాళ్లకు రెండు మాటలు వినిపిస్తాయి. పంపు మోతకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఒకటి, ఎంత మందు వేసినా నీళ్లు తేటపడడం లేదని ఇంకొకటి. చూడ్డానికి ఇవి రెండు వేర్వేరు తలనొప్పులు. కానీ చాలాసార్లు వీటి మూలం ఒక్కటే: పంపుకు అందాల్సినంత నీరు అందడం లేదు, లేదా నీటితో పాటు గాలి కూడా లాగుతోంది. నీరు సరిగా తిరగకపోతే పంపు మోత పెడుతుంది, ఫిల్టర్ తన పని చేయలేదు, క్లోరిన్ అన్ని మూలలకూ చేరదు, పాచి పట్టుకుంటుంది. కాబట్టి మోత వినగానే కొత్త మోటారు కోసమో, నీళ్లు మసకబారగానే మందు డబ్బాల కోసమో పరుగెత్తకండి. ముందు నీటి దారిని స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీటిని లాగి ఆకులను పట్టే పెట్టె) దగ్గర మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ రండి. చాలా ఖర్చు అక్కడే తప్పిపోతుంది.

ముందు మోత ఎలాంటిదో వినండి

పంపు పక్కన రెండు నిమిషాలు నిలబడండి. ఆన్ చేసేటప్పుడు, నడుస్తున్నప్పుడు, ఆపిన క్షణంలో, మూడుసార్లూ వినాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ ఉంటే దాని మొనను పంపు ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం పంపు భాగంలో పుడుతోందా, మోటారు భాగంలోనా అన్నది బాగా తెలుస్తుంది. మోటారు వెనక తిరిగే ఫ్యాన్ దగ్గరకు మాత్రం స్క్రూడ్రైవర్ గానీ, చెంగు గానీ, జుట్టు గానీ పోనివ్వకండి.

లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు గరగరమంటుంటే పంపు నీటి కోసం అల్లాడుతోందని అర్థం. గడగడమంటూ మధ్యమధ్యలో ఆగి మళ్లీ అందుకుంటుంటే గాలి లాగుతోంది. సన్నగా, ఎడతెగకుండా కీచుమంటుంటే మోటారు బేరింగులు అరిగాయి. ఆన్ చేయగానే 'హుఁ' అని మూలుగుతూ తిరగకుండా ఉండిపోతే వెంటనే స్విచ్ ఆపేయండి. అలాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. పంపు మామూలుగానే ఉండి గోడో, పైపో దడదడలాడుతుంటే అది బిగింపుల సమస్య. ఆపిన క్షణంలో 'ధడ్' మని కొడితే నీరు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఒక్కసారిగా మూసుకుంటోందన్నమాట. పైపులను గట్టిగా పట్టే క్లాంపులు వేయించడం, స్ప్రింగుతో మెత్తగా మూసుకునే వాల్వు పెట్టించడం దానికి మందు.

గరగర శబ్దం: నీరు అందని పంపు

ఎక్కువగా వచ్చే మోత ఇదే. పంపు లాగే వేగానికి తగినంత నీరు రాకపోతే ఇంపెల్లర్ (పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రం) దగ్గర పీడనం బాగా పడిపోతుంది. అంత తక్కువ పీడనంలో నీరు వేడెక్కకుండానే మరిగి బుడగలవుతుంది. ఆ బుడగలు పీడనం పెరిగే చోటికి రాగానే చితికిపోతాయి. చితికిన ప్రతిసారీ ఇంపెల్లర్ మీద చిన్న దెబ్బ పడుతుంది. మీకు వినిపించే గరగర ఆ దెబ్బలదే. నెలల తరబడి వదిలేస్తే ఇంపెల్లర్ మీద గుంటలు పడతాయి, నీరు మోటారువైపు కారకుండా ఆపే సీలు దెబ్బతింటుంది.

మెయిన్ స్విచ్ ఆపేసి ఈ వరసలో చూడండి.

మొదట నీటి మట్టం. స్కిమ్మర్ నోరు సగం దాకా మునిగి ఉండాలి. అంతకన్నా బాగా తగ్గితే నీటితో పాటు గాలిని మింగుతుంది. స్కిమ్మర్ నోటి దగ్గర ఊగే తలుపు ఒకటి ఉంటుంది. ఆకో పుల్లో అడ్డుపడి అది నిలువుగా బిగుసుకుపోతే మట్టం సరిగా ఉన్నా నీరు లోపలికి రాదు. చేత్తో ఊపి చూడండి.

తరవాత బుట్టలు. స్కిమ్మర్ బుట్ట, పంపు ముందు ఉండే బుట్ట రెండూ తీసి కడగండి. పైకి శుభ్రంగా కనిపించినా గడ్డి పరకలు, వెంట్రుకలు అడుగు రంధ్రాలను మూసేస్తాయి, అందుకే బోర్లించి పైపుతో నీళ్లు కొట్టాలి. చీలిన బుట్టను మళ్లీ పెట్టకండి. ఆ చీలిక గుండా వెళ్లిన చెత్త నేరుగా ఇంపెల్లర్‌లో ఇరుక్కుంటుంది.

ఆ తరవాత పంపుకు ముందున్న వాల్వులన్నీ పూర్తిగా తెరిచి ఉన్నాయా చూడండి. నీటి ఉరవడి తగ్గించాలనుకుని సక్షన్ వైపు, అంటే పంపు నీరు లాగే వైపు, వాల్వును సగం మూసేస్తుంటారు చాలామంది. ఆ పని ఎప్పుడూ చేయకూడదు. తగ్గించాలంటే పంపు తరవాత ఉన్న రిటర్న్ వాల్వు దగ్గరే తగ్గించాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా గరగర పోలేదంటే ఇంపెల్లర్ చూడాలి. మెయిన్ స్విచ్ ఆపి ఉందని ఇంకోసారి చూసుకుని, బుట్ట తీసేసి, దాని వెనక రంధ్రంలోకి వేలు పెట్టి తడమండి. విత్తనాలు, పుల్లలు, జుట్టు ఉండలు తగిలితే వంచిన తీగతో మెల్లగా లాగేయండి. అక్కడ అంచులు పదునుగా ఉంటాయి, తొందరపడొద్దు.

అప్పటికీ తగ్గకపోతే పైపుకు మించిన పంపు పెట్టారేమో ఆలోచించాలి. పెద్ద పంపు పెడితే నీళ్లు బాగా శుభ్రమవుతాయనే నమ్మకం చాలామందిలో ఉంది. సన్నని సక్షన్ పైపుకు పెద్ద పంపు తగిలిస్తే వచ్చేది మోత, కరెంటు బిల్లు మాత్రమే. పంపు చిన్నదైనా నెమ్మదిగా ఎక్కువసేపు నడిస్తే ఫిల్టర్ కూడా బాగా వడకడుతుంది.

గడగడ శబ్దం: గాలి లాగే జాయింటు

పంపు బుట్ట మీద పారదర్శకమైన మూత ఉంటుంది. పంపు నడుస్తుండగా దాని లోపల నీరు నిండుగా కనిపించాలి. సగం గాలి, సగం నీరు ఎగిరెగిరి పడుతుంటే, పూల్‌లోకి తిరిగి వచ్చే నీటిలో బుడగల ధార కనిపిస్తుంటే గాలి ఎక్కడినుంచో దూరుతోంది. పంపుకు ముందున్న పైపులో పీడనం బయటి గాలి కన్నా తక్కువ కాబట్టి అక్కడ చిల్లు ఉంటే నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కూడా కారడం లేదు కదా అని ఊరుకోవద్దన్నది అందుకే. పంపు ఆపాక అదే జాయింటు కింద చిన్న తడి మరక కనిపించవచ్చు.

మొదటి అనుమానం ఎప్పుడూ మూత కింది రబ్బరు రింగు మీదే. దాన్ని బయటికి తీసి వేళ్ల మధ్య మెల్లగా లాగుతూ చుట్టూ చూడండి. సన్నని పగుళ్లు, ఒకచోట చదునుగా అణిగిపోయిన భాగం కనిపిస్తే మార్చేయాలి. రింగు బాగుంటే అది కూర్చునే గాడిని తడి గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక అడ్డుపడినా గాలికి దారి దొరుకుతుంది. తరవాత సిలికాన్ గ్రీజు పలచగా పట్టించి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టండి. పెట్రోలియం జెల్లీ, వంటనూనె, మోటారు గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

రింగు తప్పు కాదని తేలితే జాయింట్లను పరీక్షించాలి. పంపు నడుస్తుండగా సక్షన్ వైపు ఉన్న ఒక్కొక్క జాయింటు చుట్టూ షేవింగ్ ఫోమ్ పట్టించి చూడండి. గాలి దూరే చోట ఫోమ్ లోపలికి లాగేసుకున్నట్టు గుంట పడుతుంది. ఫోమ్ లేకపోతే ఒక్కో జాయింటు మీద మగ్గుతో నీళ్లు పోస్తూ మూతలోని బుడగలు గమనించండి. ఏ జాయింటు మీద పోసినప్పుడు బుడగలు తగ్గాయో దోషం అక్కడుంది. ముఖ్యంగా పంపు నోట్లోకి మర కట్టిన పైపును అనుమానించాలి. ఎప్పుడైనా పంపు నీళ్లు లేకుండా నడిస్తే ఆ వేడికి ప్లాస్టిక్ మరలు కుంచించుకుపోతాయి. అలాంటి పైపు ముక్కను మార్చాల్సిందే, పైన గమ్ పూస్తే నిలవదు. పంపు అడుగున నీళ్లు వదిలే చిన్న ప్లగ్గులను కూడా మరిచిపోకండి.

రిపేరు అయ్యాక పంపు బుట్టను నిండా నీళ్లతో నింపి, మూత బిగించి, ఫిల్టర్ పైనున్న గాలి వాల్వు కాస్త తెరిచి అప్పుడు ఆన్ చేయండి. ఆ వాల్వు నుంచి గాలి పోయి నీటి ధార రాగానే మూసేయండి.

కీచు శబ్దం, మూలుగు: మెకానిక్ పని

కీచు శబ్దానికి బయటినుంచి ఆయిల్ కొట్టడం వల్ల ఫలితం ఉండదు. ఈ మోటార్లలో బేరింగులు సాధారణంగా సీలు చేసినవి, ఆయిల్ లోపలికి పోదు. అవి ఎందుకు పాడయ్యాయో చూడడం ముఖ్యం. పంపుకూ మోటారుకూ మధ్య తుప్పు మరకలు, తెల్లటి ఉప్పు చారలు, నీటి చుక్కలు కనిపిస్తే షాఫ్ట్ సీలు కారుతోంది, ఆ నీరే బేరింగులోకి పోయింది. బేరింగు మాత్రం మార్చి సీలు పాతదే ఉంచితే కొద్ది నెలల్లో మళ్లీ అదే కీచు మొదలవుతుంది. రెండు బేరింగులూ సీలూ ఒకేసారి మార్చమని మెకానిక్‌కు చెప్పండి.

మూలిగి ఊరుకునే మోటారులో ఇంపెల్లర్‌కు చెత్త అడ్డుపడి ఉండవచ్చు, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ పోయి ఉండవచ్చు. మొదటిది మీరు చూసుకోవచ్చు. రెండోదాని జోలికి పోకండి. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ నిలిచి షాక్ కొడుతుంది. అది ఎలక్ట్రీషియన్ పని.

పంపు బాగానే ఉన్నా మోత ఎక్కువైతే

మంచి పంపు కూడా తప్పు చోట పెడితే గోల చేస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో పెడితే శబ్దం రెండు గోడలకూ తగిలి తిరిగొచ్చి పెద్దదవుతుంది. పంపు దిమ్మె ఇంటి పునాదికి కలిసిపోయి ఉంటే ఆ అదురు నేల గుండా పడగ్గది దాకా పోతుంది. దిమ్మె విడిగా ఉండాలి, దాని మీద మందపాటి రబ్బరు షీటు పరిచి, పంపును దాని మీద కూర్చోబెట్టాలి. పైపులు గోడలోంచి పోయే చోట, గోడకు క్లాంపు వేసిన చోట రబ్బరు చుట్టండి. పంపు నడుస్తుండగా పైపును చేత్తో గట్టిగా పట్టుకుని చూడండి. మోత తగ్గితే అక్కడ ఒక ఆధారం కావాలన్నమాట.

ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. పంపును కిటికీకి 3 మీటర్ల దూరం నుంచి 6 మీటర్లకు జరిపినా తేడా తెలుస్తుంది. అలాగని మరీ దూరం జరిపితే సక్షన్ పైపు పొడవై మళ్లీ గరగర మొదలవుతుంది. ఆ దూరం పూల్‌కు కాక కిటికీలకు పెరిగేలా చూసుకోండి.

అడ్డుగా చెట్లు నాటితే మోత ఆగుతుందనుకుంటారు. పంపు కంటికి కనబడదు గానీ శబ్దం ఆకుల మధ్య నుంచి వచ్చేస్తూనే ఉంటుంది. శబ్దాన్ని ఆపాలంటే అడ్డు బరువుగా, సందు లేకుండా, పంపుకూ వినేవాళ్లకూ మధ్య చూపు ఆనకుండా ఉండాలి. ఇటుక గోడో, మందపాటి చెక్కో పెట్టి, లోపలివైపు శబ్దాన్ని పీల్చే మెత్తటి పొర వేయాలి. గూడు కడితే గాలి ఆడే దారులు తప్పనిసరి, ఎందుకంటే మోటారు చల్లబడేది ఆ గాలితోనే. ఆ దారులు పక్కింటివైపు చూడకుండా కట్టండి. క్లోరిన్, ఆసిడ్ డబ్బాలు మాత్రం ఆ గూటిలో దాచకండి. ఆవిరికి మోటారు తుప్పు పట్టడం ఒకటైతే, నిప్పురవ్వల ప్రమాదం ఇంకొకటి.

నన్నడిగితే, పంపు ఎలాగూ మార్చాల్సి వచ్చినవాళ్లు వేగం మార్చుకోగలిగే పంపే తీసుకోవాలి. వేగం సగానికి తగ్గిస్తే నీటి ప్రవాహం సగమవుతుంది, కరెంటు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతు చాలు. అదే నీటిని తిప్పడానికి రెట్టింపు గంటలు నడపాలి కాబట్టి మొత్తం మీద నాలుగో వంతు ఖర్చు. వాస్తవంలో ఆదా ఇంతకన్నా కొంత తక్కువే ఉంటుంది, అయినా పెద్ద మొత్తమే. మోత ఎంత తగ్గుతుందంటే, పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. హీటరు, ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉన్నవాళ్లు వాటికి కావాల్సిన కనీస ప్రవాహం కన్నా కిందికి దించకండి.

ఒకే వేగంతో నడిచే పంపు ఉన్నవాళ్లు టైమర్ పెట్టుకుని పగలే నడపండి. ఎండ క్లోరిన్‌ను తినేసేది పగలే, ఈతకు దిగేదీ ఎక్కువగా పగలే. కాబట్టి నీరు తిరగాల్సిన వేళ కూడా అదే.

మనుషుల శబ్దం

సాయంత్రం పూట పూల్ దగ్గర మాటలు మీరనుకున్నదానికన్నా దూరం పోతాయి. నీటి మీది గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. దానికి తోడు నీటి ఉపరితలం, చుట్టూ పరిచిన రాళ్లు ఏమాత్రం శబ్దాన్ని పీల్చుకోవు. పాటలు కావాలంటే ఒక పెద్ద స్పీకరు బదులు కూర్చునే చోటికి దగ్గరగా చిన్నవి రెండు మూడు పెట్టి, సౌండు తగ్గించుకోండి. బేస్ బాగా తగ్గించాలి, గోడలు దాటి పోయేది ముఖ్యంగా అదే. నీళ్లు దూకే అలంకరణ ధారలకు విడిగా వాల్వు ఉంటే రాత్రి మూసేయండి.

పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే మీ వైపు నుంచి వాదించడం కన్నా, వాళ్ల అనుమతితో వాళ్ల పడగ్గది కిటికీ దగ్గర నిలబడి వినండి. మీ ఇంట్లో ఒకరిని పంపు ఆన్, ఆఫ్ చేయమని ఫోన్లో చెప్పండి. పైపు అదురు గోడ గుండా వస్తోందా, గాలిలో వస్తోందా, అసలు గోల పంపుదా స్పీకరుదా అన్నది అక్కడైతేనే తేలుతుంది. రాత్రి శబ్దం మీద మీరుండే చోట నిబంధనలుంటే ముందే తెలుసుకుని టైమర్ దానికి తగ్గట్టు పెట్టుకోండి. పార్టీ ఉన్న రోజు ఒక మాట ముందుగా చెప్పి, ఎన్నింటికి ఆపుతారో కూడా చెబితే చాలా గొడవలు పుట్టనే పుట్టవు.

నీళ్లు మసకగా, పచ్చగా ఉంటే

నీరు సరిగా తిరుగుతోందని తేలాకే మందుల సంగతి. టెస్ట్ కిట్ లేకుండా ఏదీ పోయకండి. మురికితో కలిసిపోని, అంటే ఇంకా పనికొచ్చే క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత), స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడే మందు) వాడుతుంటే కనీసం 2 పీపీఎం ఉండాలి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8, పీహెచ్ ఊగిసలాడకుండా పట్టి ఉంచే ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం. సిమెంటు పూల్ అయితే కాల్షియం 200 నుంచి 400 పీపీఎం మధ్య. ముందు ఆల్కలినిటీ, తరవాత పీహెచ్, ఆఖరున క్లోరిన్ సరిచేయాలి. ఈ వరస మారిస్తే డబ్బు దండగ. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం చురుగ్గా పనిచేసే రూపంలో ఉంటుంది. 8కి చేరితే నాలుగో వంతుకు పడిపోతుంది. ఎంత క్లోరిన్ పోసినా పాచి పోవడం లేదనేవాళ్లు మొదట చూడాల్సింది పీహెచ్.

పూల్ దగ్గర ఘాటు వాసన, కళ్ల మంట రాగానే క్లోరిన్ ఎక్కువైందనుకుని మానేస్తారు. ఆ వాసన క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి తయారయ్యే క్లోరమైన్లది. మంచి క్లోరిన్ చాలకపోవడమే దానికి కారణం. షాక్ ట్రీట్‌మెంట్, అంటే ఒకేసారి ఎక్కువ మోతాదు క్లోరిన్, ఇవ్వాలి. ఈతకు దిగేముందు ఒంటి మీద నీళ్లు పోసుకునే అలవాటు ఇంట్లో అందరికీ చేస్తే ఈ సమస్య సగం తగ్గుతుంది.

పచ్చబడ్డ పూల్‌కు చేయాల్సిందిది. ఆకులు, చెత్త వలతో తీసేయండి. గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనక బ్రష్‌తో గట్టిగా రుద్దండి. పాచి మీది జిగురు పొర చెదరకపోతే క్లోరిన్ లోపలికి పోదు. పీహెచ్‌ను 7.2 దగ్గరకు తెచ్చి, పొద్దుగూకాక డబ్బా మీద రాసిన కొలత ప్రకారం షాక్ మోతాదు వేయండి. పగలు వేస్తే ఎండకు చాలా భాగం విరిగిపోతుంది. ఆ తరవాత పంపు రాత్రింబగళ్లు ఆపకుండా నడవాలి. పక్కింటివాళ్లకు చెప్పాల్సిన సందర్భం ఇది కూడా. నీళ్లు పచ్చదనం పోయి బూడిద రంగులో మసకబడతాయి. పాచి చచ్చిందన్నమాట, ఇక ఫిల్టర్ వంతు. పొద్దుగూకాక ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి క్లోరిన్ కొలవండి. రాత్రి 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గితే పాచి ఇంకా బతికే ఉంది, మళ్లీ వేయాలి. అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనిపించేదాకా, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఎవరినీ దిగనివ్వకండి.

బిళ్లల క్లోరిన్ మాత్రమే ఏళ్ల తరబడి వాడే పూల్‌లో ఆ బిళ్లల్లో ఉండే స్టెబిలైజర్ పేరుకుపోతుంది. 100 పీపీఎం దాటితే క్లోరిన్ ఉన్నా మందకొడిగా పనిచేస్తుంది. కొంత నీరు తీసేసి కొత్త నీరు పోయడమే దానికి సులువైన మార్గం. బోరు నీళ్లు పోసి క్లోరిన్ వేయగానే గోధుమ రంగు తిరిగితే అది ఇనుము, పాచి కాదు.

మందుల విషయంలో కొన్ని జాగ్రత్తలు ప్రాణాలతో ముడిపడినవి. క్లోరిన్, ఆసిడ్ ఎప్పుడూ కలవకూడదు, కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్ మందులను కూడా ఒకే గిన్నెలో, ఒకే చెంచాతో వాడకండి, మంటలు లేచి పేలవచ్చు. కరిగించాల్సి వస్తే బకెట్ నీళ్లలోకి మందు వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.

ఫిల్టర్ గేజ్ చెప్పేది

ఫిల్టర్ శుభ్రం చేసిన రోజు గేజ్‌లో ముల్లు ఎక్కడుందో దాని పక్కనే మార్కర్‌తో రాసిపెట్టుకోండి. అక్కడినుంచి 8 నుంచి 10 పీఎస్ఐ (గేజ్ మీద ఉండే పీడనం కొలత) పెరిగితే కడగాలి. ఇసుక ఫిల్టర్ అయితే గాజు గొట్టంలో నీరు తేటగా కనిపించేదాకా బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి ఇసుకను కడగడం) చేసి, తరవాత రిన్స్ చేయండి. వాల్వు పిడి తిప్పే ప్రతిసారీ ముందు పంపు ఆపాలి, లేకపోతే లోపలి రబ్బరు చిరుగుతుంది. ముల్లు మామూలు కన్నా కిందికి పడితే ఫిల్టర్‌ను వదిలేసి బుట్టల దగ్గరకు వెళ్లండి, అడ్డు సక్షన్ వైపు ఉంది.

నీటి మట్టం తగ్గిపోతుంటే

ఎండకు, గాలికి రోజుకు అర సెంటీమీటరు దాకా ఆవిరైపోవడం మామూలే. లీకా ఆవిరా తేలాలంటే ఒక బకెట్‌ను పూల్ నీటితో ముప్పాతిక నింపి మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయట పూల్ మట్టం రెండూ గీతలు గీసి, 24 గంటలు ఎవరూ దిగకుండా వదిలేయండి. రెండూ సమానంగా తగ్గితే ఆవిరే. పూల్ ఎక్కువ తగ్గితే లీకు. ఇదే పరీక్ష పంపు నడుపుతూ ఒకరోజు, ఆపి ఒకరోజు చేయండి. నడుస్తున్నప్పుడు ఎక్కువ తగ్గితే రిటర్న్ పైపుల్లో వెతకాలి. రెండుసార్లూ ఒకేలా తగ్గితే గోడలో, లైటు చుట్టూ, స్కిమ్మర్ అతుకు దగ్గర చూడాలి. పంపు ఆపి, నీరు కదలకుండా ఉన్నప్పుడు అనుమానమున్న పగులు దగ్గర కాస్త రంగు నీళ్లు మెల్లగా వదిలితే లోపలికి లాగేసుకోవడం కంటికే కనిపిస్తుంది.

దోమలకు భయపడేవాళ్లకు ఒక మాట: తిరిగే, క్లోరిన్ ఉన్న నీటిలో అవి పెరగవు. పూల్ మీద కప్పిన పట్టాలో నిలిచిన వాన నీటిలో పెరుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారైనా ఆ నీళ్లు తోడేయండి.

ఈ మూడింటిలో అశ్రద్ధ వద్దు

అడుగు జాలీ మూత విరిగినా, ఊడినా, మరలు వదులైనా ఆ క్షణమే పంపు ఆపి పూల్ మూసేయండి. ఆ రంధ్రం జుట్టును, చేతిని లాగి పట్టేస్తే పెద్దవాళ్లు కూడా విడిపించుకోలేరు. కొత్త మూత బిగించాకే పంపు ఆన్ చేయాలి.

పూల్‌కు నాలుగు వైపులా కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె, తనంతట తానే మూసుకుని గడియ పడే గేటు ఉండాలి. ఇంటి గోడను నాలుగో వైపుగా లెక్కేస్తే ఇంట్లోంచి పిల్లలు నేరుగా నీటి దగ్గరకు వచ్చేస్తారు. మునిగిపోయే పిల్లలు సాధారణంగా కేకలు పెట్టరు, నీళ్లలో పెద్దగా కొట్టుకోరు కూడా. అందుకే పక్క గదిలో ఉండి చెవి వేసి ఉంచితే సరిపోదు, చూపు నీటి మీదే ఉన్న పెద్దమనిషి ఒకరు పక్కనే ఉండాలి. పంపు, లైట్ల కరెంటు లైనుకు ఎర్తింగ్, లీకేజీ కరెంటు రాగానే ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

మూడోది, పూల్ మొత్తం ఖాళీ చేయడం. కడగాలనో, పగులు పూడ్చాలనో తొందరపడి నీళ్లన్నీ తోడేయకండి. వానల తరవాత భూగర్భ జలం పైకి వచ్చిన రోజుల్లో ఖాళీ పూల్‌ను కింది నీరు పైకి ఎత్తేస్తుంది. నిండుగా ఉన్నంతకాలం లోపలి నీటి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఖాళీ చేయడం తప్పనిసరైతే పొడి కాలంలో, అడుగున పీడనం వదిలే వాల్వు ఉందో లేదో నిపుణుడితో చూపించి, పని అయిన వెంటనే మళ్లీ నింపేలా ఏర్పాటు చేసుకున్నాకే మొదలుపెట్టండి.